కొట్టేసిన హారం ఎక్కడికీ పోదు: ప్రదేశం, వ్యాప్తి గురించి

అడిగిన ప్రశ్న: "సార్, టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, ఇంగ్లీష్ మీడియం. డొమైన్ కనుక్కోవడం కొంచెం వస్తోంది కానీ రేంజ్ దగ్గర ప్రతిసారీ తప్పు పోతోంది. (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) అనే లెక్కలో కిందా పైనా కొట్టేస్తే ఎక్స్ + 2 మిగులుతుంది కదా. అందుకని రేంజ్ అన్ని వాస్తవ సంఖ్యలూ అని రాశాను. జవాబులో '4 తప్ప' అని ఉంది. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చింది? అసలు రేంజ్ కనుక్కోవడానికి ఒక పద్ధతంటూ ఉందా? పరీక్ష దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది."

అమ్మా, నువ్వు కొట్టేయడంలో తప్పు లేదు. కొట్టేశాక దాన్ని మర్చిపోవడంలో ఉంది. నీ లెక్కలో హారం ఎక్స్ − 2. ఎక్స్‌కి 2 ఇస్తే కింద 0, పైనా 0. అలాంటి భిన్నానికి విలువ లేదు. అంటే ఈ ఫంక్షన్‌లోకి 2కి ప్రవేశం లేదు. మిగతా ఏ సంఖ్య ఇచ్చినా ఎక్స్ + 2 వస్తుంది. ఇప్పుడు 4 ఎప్పుడు వస్తుందో చూడు. ఎక్స్ + 2 = 4 కావాలంటే ఎక్స్ 2 అయి తీరాలి, ఇంకో దారి లేదు. ఉన్న ఒక్క దారీ మూసేశారు కాబట్టి 4 రాదు. గ్రాఫ్ గీస్తే వాలుగా వెళ్ళే సరళరేఖే వస్తుంది, కానీ (2, 4) దగ్గర ఒక చిల్లు ఉంటుంది.

"ఇంకో దారి లేదు" అన్న మాట దగ్గర కాస్త ఆగు. (ఎక్స్³ − 2ఎక్స్²)/(ఎక్స్ − 2) తీసుకో. కొట్టేస్తే ఎక్స్² మిగులుతుంది, 2కి ఇక్కడ కూడా ప్రవేశం లేదు. అలాగని రేంజ్‌లోంచి 4 తీసేస్తే తప్పు. ఎందుకంటే −2 ఇచ్చినా 4 వస్తుంది. ఒక దారి మూసుకుపోయింది, రెండోది తెరిచే ఉంది. కాబట్టి ఇక్కడ రేంజ్ 0, దాని పైనున్న సంఖ్యలన్నీ, 4తో సహా. "డొమైన్‌లో ఒకటి పోతే రేంజ్‌లో ఒకటి పోతుంది" అని రూల్‌లా గుర్తుపెట్టుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. అది రూల్ కాదు. ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ వై (అంటే ఫంక్షన్ ఇచ్చే విలువ) రావడానికి, అనుమతి ఉన్న ఎక్స్ కనీసం ఒక్కటైనా ఉందా?

ఇంటర్‌లో మీడియం మారింది అన్నావు కాబట్టి పేర్లు ఒకసారి సరిచూసుకుందాం. ఫంక్షన్ అంటే మన తెలుగు పుస్తకాల్లో ప్రమేయం, డొమైన్ ప్రదేశం, కోడొమైన్ సహప్రదేశం, రేంజ్ వ్యాప్తి. నేను రెండు రకాల మాటలూ వాడతాను, కంగారు పడకు.

నా క్లాసులో వీటిని మార్కుల రిజిస్టర్‌తో మొదలుపెడతాను. క్లాసులో 40 మంది ఉన్నారు, పరీక్ష 75 మార్కులకి. ఇద్దరు రాలేదు. రోల్ నంబర్ ఇస్తే మార్కులు చెప్పడమే మన ప్రమేయం. పరీక్ష రాసిన 38 రోల్ నంబర్లు ప్రదేశం. సగం మార్కులు ఇవ్వని పరీక్ష అనుకుంటే, 0 నుంచి 75 వరకు ఉన్న పూర్ణాంకాలు సహప్రదేశం, అంటే రావడానికి వీలున్నవి. నిజంగా ఎవరో ఒకరికి వచ్చిన మార్కులు మాత్రమే వ్యాప్తి. 75 ఎవరికీ రాకపోతే అది సహప్రదేశంలో ఉంటుంది, వ్యాప్తిలో ఉండదు. ఇద్దరికి 52 వచ్చినా ఇబ్బంది లేదు, వ్యాప్తిలో 52 ఒక్కసారే రాస్తాం. ఒకే అమ్మాయికి రెండు వేర్వేరు మార్కులుండటం మాత్రం కుదరదు, అలా ఉంటే అది ప్రమేయమే కాదు.

ఇక రాని ఇద్దరి సంగతి. వాళ్ళకి రిజిస్టర్‌లో 0 వేయం, ఆబ్సెంట్ అని రాస్తాం. సున్నా మార్కులు వేరు, పరీక్ష రాయకపోవడం వేరు. 1/ఎక్స్‌కి 0 దగ్గర విలువ ఎంత అని అడిగితే చాలామంది 0 అంటారు, కొందరు అనంతం అంటారు. రెండూ కాదు. అక్కడ 0 అనే రోల్ నంబర్ పరీక్షకే రాలేదు.

ఫంక్షన్ అంటే ఫార్ములా అనుకోవడం వల్లే నీకు ఈ చిక్కు వచ్చింది. ఇది నీ ఒక్కదాని పొరపాటు కాదు. ఆయిలర్ అంతటి గణితవేత్త 1748లో అలాగే నిర్వచించాడు: చలరాశినీ స్థిరాంకాలనూ కలిపి కట్టిన సమాసమే (ఎక్స్‌ప్రెషన్) ఫంక్షన్ అని. ప్రతి ఎక్స్‌కీ ఒకే ఒక్క వై ఉంటే చాలు, అంతటా ఒకే నియమం నడవాల్సిన పని లేదు అని డిరిక్లే అనే మరో గణితవేత్త 1837లో రాశాడు. మధ్యలో దాదాపు 90 ఏళ్ళు గడిచాయి. ఈరోజు మనం ఫంక్షన్ అంటే అందులో ప్రదేశం కూడా భాగమే. ఎక్స్ + 2, (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) అనేవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. 2 తప్ప మిగతా అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి, అంతే.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఇది: లెక్క ఇచ్చింది ఇచ్చినట్టు ఉండగానే, ఒక్క గీత కూడా కొట్టేయకముందే, ప్రదేశం రాసి పక్కన గడి గీసి పెట్టుకో. ఆ తర్వాత ఏం చేసినా ఆ గడికి లోబడే చెయ్యాలి.

ప్రదేశం కొంచెం వస్తోంది అన్నావు కాబట్టి అందులో మామూలు సంగతులు త్వరగా దాటేస్తాను. హారం 0 కాకూడదు. వర్గమూలం లోపల ఉన్నది రుణ సంఖ్య కాకూడదు. లాగ్ (సంవర్గమానం) లోపల ఉన్నది కచ్చితంగా ధన సంఖ్య కావాలి, 0 కూడా పనికిరాదు. వర్గమూలం హారంలో ఉంటే మొదటి రెండు షరతులూ కలిసి "లోపల ధన సంఖ్యే" అవుతుంది. రెండు ఫంక్షన్లను కూడినా గుణించినా రెండింటి ప్రదేశాల్లోనూ ఉమ్మడిగా ఉన్న ఎక్స్‌లే మిగులుతాయి. √(ఎక్స్ − 3) + √(2 − ఎక్స్) లాంటిది ఇస్తే ఉమ్మడి ఏమీ ఉండదు, శూన్య సమితే జవాబు. జవాబు ఖాళీగా వచ్చిందని భయపడి మళ్ళీ చెయ్యకు.

దెబ్బ తగిలేది సూత్రాలతో రూపం మార్చినప్పుడు. లాగ్(ఎక్స్²) చూడగానే చెయ్యి తనంతట తానే 2 లాగ్(ఎక్స్) అని రాసేస్తుంది. మొదటిదానికి 0 తప్ప అన్నీ ప్రదేశమే, −5 ఇచ్చినా లోపల 25 ఉంటుంది. రెండోదానికి ధన సంఖ్యలే. రుణ సంఖ్యలన్నీ ఒక్క వరుసలో పోయాయి. √((ఎక్స్ − 1)/(ఎక్స్ − 2)) కూడా అలాంటిదే. దాన్ని రెండు వర్గమూలాలుగా విడగొట్టి, ఒకటి పైనా ఒకటి కిందా రాస్తే ప్రదేశం 2 కంటే పెద్ద సంఖ్యలే అవుతుంది. అసలు లెక్కలో మాత్రం 1, దానికంటే చిన్న సంఖ్యలు కూడా ఉన్నాయి. ఎక్స్‌కి 0 ఇచ్చి చూడు: కింద −2, పైన −1, భిన్నం ధనమే, వర్గమూలం చక్కగా వస్తుంది. విడగొట్టిన రూపంలో 0 ఇస్తే రెండూ రుణ సంఖ్యల వర్గమూలాలే. రూపం మార్చడం వల్ల ప్రదేశం ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది. నీ లెక్కలో పెరిగింది, ఇక్కడ తగ్గింది.

సంయుక్త ప్రమేయంలో, అంటే ఒక ప్రమేయం ఇచ్చిన జవాబుని మళ్ళీ ప్రమేయంలో వేసే చోట, ఒక లెక్క నాకు చాలా ఇష్టం. ఎఫ్(ఎక్స్) = 1/(1 − ఎక్స్) తీసుకో. 2 ఇస్తే −1, దాన్ని మళ్ళీ ఇస్తే 1/2, మళ్ళీ ఇస్తే తిరిగి 2. ఏ సంఖ్యతో చేసినా మూడుసార్లకి బయల్దేరిన చోటికే వస్తుంది. అంటే ఎఫ్‌ని మూడుసార్లు వేస్తే జవాబు ఎక్స్. మరి దాని ప్రదేశం అన్ని సంఖ్యలూనా? 1 మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, హారం 0. 0 ఇస్తే మొదటి మెట్టు దాటుతుంది, 1 వస్తుంది. ఆ 1ని రెండోసారి ఇవ్వగానే ఆగిపోతుంది. కాబట్టి 0, 1 రెండూ పోవాలి. చివర్లో మిగిలిన "ఎక్స్" అనే అందమైన జవాబుని చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు. దారిలో ప్రతి మెట్టూ చూడాల్సిందే.

ఇక వ్యాప్తి. పద్ధతి ఉందా అని అడిగావు. ఉంది. ప్రదేశం దగ్గర "ఏ ఎక్స్ ఇవ్వొచ్చు" అని అడుగుతాం. వ్యాప్తి దగ్గర అదే ప్రశ్నని అవతలి ఒడ్డు నుంచి అడుగుతాం: ఏ వై అడిగితే నేను ఎక్స్ చూపించగలను? కాబట్టి వై = ఎఫ్(ఎక్స్) అని రాసి, వైని తెలిసిన సంఖ్య అనుకుని, ఎక్స్ కోసం సాధించు. ఎక్స్ దొరకడానికి వై ఎలా ఉండాలో రాసుకో. ఆఖర్న, దొరికిన ఎక్స్ గడిలో రాసుకున్న ప్రదేశంలో ఉందో లేదో చూడు. ఈ ఆఖరి చూపుని చాలామంది వదిలేస్తారు. నీకు మార్కు పోయింది కూడా అక్కడే.

తేలికైనది ఒకటి చేద్దాం. వై = (2ఎక్స్ + 1)/(ఎక్స్ − 3). ప్రదేశం: 3 తప్ప అన్నీ. అడ్డంగా గుణిస్తే వై·ఎక్స్ − 3వై = 2ఎక్స్ + 1. ఎక్స్‌లన్నీ ఒకవైపు తెస్తే ఎక్స్ = (3వై + 1)/(వై − 2). వై 2 కాకపోతే ఎక్స్ దొరుకుతుంది. ఇప్పుడు ఆఖరి చూపు: ఆ ఎక్స్ ఎప్పుడైనా 3 అవుతుందా? అయితే 3వై + 1 = 3వై − 6 అవ్వాలి, అంటే 1, −6 సమానం కావాలి. జరగదు. వ్యాప్తి 2 తప్ప అన్నీ. ఈ రకం లెక్కలో ఆఖరి చూపు ఏమీ మార్చదు, అందుకే వదిలేయడం అలవాటైపోతుంది.

వర్గమూలం ఉన్నప్పుడు వేరే ఉచ్చు ఉంటుంది. వై = √(9 − ఎక్స్²). రెండువైపులా వర్గం చేస్తే ఎక్స్² = 9 − వై². ఎడమవైపు రుణం కాదు కాబట్టి వై −3 నుంచి 3 వరకు అని రాసేస్తారు. కానీ √ గుర్తు రుణ సంఖ్యని ఎప్పుడూ ఇవ్వదు. √16 అంటే 4 మాత్రమే; ప్లస్ ఆర్ మైనస్ 4 అనేది ఎక్స్² = 16 అనే సమీకరణానికి జవాబు. కాబట్టి వర్గం చేసేముందే వై ≥ 0 అని పక్కన రాసుకోవాలి. వ్యాప్తి [0, 3], అంటే 0 నుంచి 3 వరకు, రెండు చివరలూ కలిపి.

అసలు పరీక్ష ఈ లెక్క దగ్గరుంది. క్లాసులో కనీసం ఒక పీరియడ్ దీనికే ఇస్తాను: వై = (ఎక్స్² − 3ఎక్స్ + 2)/(ఎక్స్² − 1). ప్రదేశం 1, −1 తప్ప అన్నీ. గడి గీశాం. అడ్డంగా గుణించి సర్దితే (వై − 1)ఎక్స్² + 3ఎక్స్ − (వై + 2) = 0. ఎక్స్‌లో వర్గ సమీకరణం. ఎక్స్ వాస్తవం కావాలంటే విచక్షణి (డిస్క్రిమినెంట్, బి² − 4ఏసి) రుణం కాకూడదు. విచక్షణి 9 + 4(వై − 1)(వై + 2), విప్పితే 4వై² + 4వై + 1, అంటే (2వై + 1)². వర్గం కాబట్టి ఎప్పుడూ రుణం కాదు. చాలామంది ఇక్కడ పెన్ను దించి "వ్యాప్తి అన్ని వాస్తవ సంఖ్యలూ" అని రాస్తారు.

రెండు విషయాలు మిగిలిపోయాయి. మొదటిది, వై = 1 అయితే ఎక్స్² గుణకం 0 అవుతుంది, అది వర్గ సమీకరణమే కాదు, విచక్షణి మాట ఎత్తకూడదు. విడిగా చూడాలి: 3ఎక్స్ − 3 = 0, ఎక్స్ = 1. గడి చూడు, 1కి ప్రవేశం లేదు. కాబట్టి వై = 1 రాదు. రెండోది, విచక్షణి 0 అయ్యే చోటు, వై = −1/2. అక్కడ రెండు మూలాలూ కలిసిపోయి ఒక్క ఎక్స్ దొరుకుతుంది. కనుక్కుంటే ఎక్స్² − 2ఎక్స్ + 1 = 0, మళ్ళీ ఎక్స్ = 1. అదీ పోయింది. వేరే ఏ వైకైనా రెండు మూలాలుంటాయి. వాటిలో ఒకటి ఎప్పుడూ 1, అది పనికిరాదు. రెండోది (వై + 2)/(1 − వై), అది 1 కూడా కాదు, −1 కూడా కాదు, పనికొస్తుంది. వ్యాప్తి: 1, −1/2 తప్ప అన్నీ.

ఇప్పుడు ఇదే లెక్కని కారణాంకాలతో చూడు. (ఎక్స్ − 1)(ఎక్స్ − 2) పైన, (ఎక్స్ − 1)(ఎక్స్ + 1) కింద. కొట్టేస్తే (ఎక్స్ − 2)/(ఎక్స్ + 1), అది ఎప్పుడూ 1 కాదు. ప్రవేశం లేని 1ని అందులో పెడితే −1/2. నీ మొదటి లెక్కలో 4 ఎలా పోయిందో ఇక్కడ −1/2 అలాగే పోయింది. రెండు దారుల్లో వెళ్ళినా ఒకే జవాబు వచ్చింది చూశావా, ఆ తృప్తి కోసమైనా ఈ లెక్క ఒకసారి నీ చేత్తో చెయ్యి.

మామూలు విచక్షణి లెక్క కూడా ఒకటి చెప్పి వదిలేస్తాను, పరీక్షల్లో తరచూ వస్తుంది: వై = ఎక్స్/(1 + ఎక్స్²). సర్దితే వై·ఎక్స్² − ఎక్స్ + వై = 0. విచక్షణి 1 − 4వై², కాబట్టి వై −1/2 నుంచి 1/2 వరకు. వై = 0ని విడిగా చూస్తే ఎక్స్ = 0 దొరుకుతుంది, అది ప్రదేశంలో ఉంది. వ్యాప్తి [−1/2, 1/2].

ఒక్కోసారి ప్రదేశాన్ని ఫార్ములా చెప్పదు, సందర్భం చెబుతుంది. నేల మీద నుంచి సెకనుకి 20 మీటర్ల వేగంతో రాయిని నిట్టనిలువుగా పైకి విసిరితే, గురుత్వ త్వరణం జి విలువ 10 అనుకుంటే, టి సెకన్ల తర్వాత ఎత్తు 20టి − 5టి². ఆ సమాసంలో −3 పెట్టినా 100 పెట్టినా సంఖ్య వస్తుంది. కానీ రాయి 0వ సెకనులో బయల్దేరి 4వ సెకనులో నేలని తాకుతుంది. ప్రదేశం [0, 4], వ్యాప్తి [0, 20]. ప్రదేశం పట్టించుకోకుండా లెక్క చేస్తే వ్యాప్తి "20, దానికి కింద అన్నీ" అని వస్తుంది, అంటే రాయి భూమిలోకి దిగిపోవాలి! సెల్సియస్‌ని ఫారెన్‌హీట్‌లోకి మార్చే 1.8 సి + 32 కూడా అంతే. చూడ్డానికి అంతులేని సరళరేఖ. −273.15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లదనం ఉండదు కాబట్టి వ్యాప్తి −459.67 దగ్గర మొదలవుతుంది.

సహప్రదేశం ఎందుకు అని చాలామందికి అనుమానం. అది మనం ముందే ప్రకటించేది, వ్యాప్తి లెక్క చేస్తే తేలేది. రెండూ ఒకటైతే ఆ ప్రమేయం సంగ్రస్తం, అంటే ఆన్‌టూ. ఎక్స్² వాస్తవ సంఖ్యల నుంచి వాస్తవ సంఖ్యలకి అంటే సంగ్రస్తం కాదు, సహప్రదేశం [0, ∞) అని ప్రకటిస్తే అవుతుంది. ముందు ముందు విలోమ ప్రమేయాలు వచ్చినప్పుడు ఇది తప్పనిసరి. ఎందుకంటే ఎఫ్ వ్యాప్తే దాని విలోమానికి ప్రదేశం. సైన్ వ్యాప్తి [−1, 1] కాబట్టి సైన్ విలోమానికి 2 ఇవ్వలేవు. సైన్ ప్రదేశాన్ని −90° నుంచి 90° వరకు కుదించాకే విలోమం దొరుకుతుంది. ఇప్పుడు వ్యాప్తి దగ్గర పడ్డ శ్రమ అక్కడ నీకు సగం పని తగ్గిస్తుంది.

గ్రాఫ్ గీయగలిగితే గీయి. గ్రాఫ్‌ని నిలువుగా ఎక్స్ అక్షం మీదికి నొక్కితే పడే నీడ ప్రదేశం, అడ్డంగా వై అక్షం మీదికి నొక్కితే పడే నీడ వ్యాప్తి. చిల్లు వల్ల నీడలో ఖాళీ పడిందో, వేరే ముక్క వచ్చి కప్పేసిందో కంటికే కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన ఎక్స్² లెక్కలో −2 వైపు కొమ్మ వచ్చి 4 దగ్గరి ఖాళీని కప్పింది.

ఈ రాత్రికి ఒక్క లెక్క చెయ్యి: వై = √(ఎక్స్ − 3) + √(5 − ఎక్స్). ముందు గడి గీయి, [3, 5] వస్తుంది. తర్వాత వర్గం చెయ్యి, మధ్యలో 2√((ఎక్స్ − 3)(5 − ఎక్స్)) మిగులుతుంది. ఎక్స్ 3 నుంచి 5 దాకా నడిచేటప్పుడు ఆ వర్గమూలం లోపలిది ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో చూడు. వ్యాప్తి [√2, 2] రావాలి. రాకపోతే ఎన్నో వరుస దగ్గర ఆగావో ఇక్కడే రాయి, అక్కడి నుంచి కలిసి చేద్దాం.